కొమరోలు గొర్రెకు మనిషి జన్యువు

నాలుగేళ్ళ కిందట ఒక శుక్రవారం ఉదయం, ఐదుగురు పెద్దల ముందు నా పరువు నేనే తీసుకున్నాను. తీసుకున్నది చాలక దాన్ని పెద్ద తెర మీద రంగుల్లో చూపించాను కూడా. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ పూట నేను పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు.

అప్పట్లో నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కడుపులో బిడ్డ మెదడు ఎంత పెరగాలో చూసుకునే జన్యువు ఒకటుంది. అది నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి వాక్యం లాంటిది; దాన్ని చదువుకొని ఒళ్ళు ఒక ప్రోటీన్ తయారుచేస్తుంది. ఆ వాక్యం మనకే కాదు, గొర్రెకూ ఉంది, కుక్కకూ ఉంది. ఉలవచారు లాగే అనుకోండి. పేరు ఒకటే, మార్కాపురంలో ఒక రుచి, పొదిలిలో ఇంకో రుచి. కోట్ల ఏళ్ళుగా ఏ జంతువు దారి అది పట్టేకొద్దీ అక్షరాలు అక్కడొకటి ఇక్కడొకటి మారుతూ వచ్చాయి. ఎక్కడ మారాయో, దాంతో ప్రోటీన్ ఎలా మారిందో చూడడమే నా పని. అప్పటికే రెండుసార్లు గడువు అడిగి ఉన్నాను. ఈసారి ఫలితం చూపించకపోతే సీటు రద్దని గైడు సారు మొహం మీదే చెప్పేశారు.

దాంతో కొమరోలు దగ్గర మా మేనమామ ఇంటికి పరిగెత్తాను. ఆయనకు గొర్రెలూ మేకలూ ఉన్నాయి, ఒక బర్రె, ఒక కుక్క.

"చెవి చివర మినపగింజంత ముక్క చాలు మామా."

"అంత ముక్కలో ఏం కనపడతాదే పాపా?"

"దాని తాతముత్తాతల సంగతంతా కనపడతాది."

"నా గొర్రె సంగతి నన్నడుగు, నేను చెప్తా. దాని అమ్మను పొదిలి సంతలో కొన్నా. ఇంకేం కావాల?"

నాలుగు జీవాల చెవుల నుంచి నాలుగు ముక్కలు తీసి, నాలుగు సీసాల్లో వేసుకొని వచ్చాను. ల్యాబులో పరీక్ష చేస్తే కళ్ళు తిరిగాయి. గొర్రెది మనిషి జన్యువుతో సరిపోయింది. మేకది సరిపోయింది. బర్రెది, కుక్కది కూడా!

బుర్రున్నదైతే అక్కడే ఆగి, ఏదో తేడా కొట్టిందని మళ్ళీ పరీక్ష చేస్తుంది. నేను అక్కడ ఆగితే ఈ కథ మీకెందుకు? మనిషితో కలిసి బతికిన పశువుల మెదడు జన్యువు మెల్లగా మనిషి వైపు నడిచిందని ఒక సిద్ధాంతమే రాసేశాను. గైడు సారుకు ముందుగా చూపిస్తే పేరులో వాటా అడుగుతారేమోనని చూపించలేదు. అవునండీ, అంత తెలివి నాది.

శుక్రవారం నా పరిశోధన పరిశీలించే కమిటీ కూర్చుంది. బయటి ఊరి నుంచి వచ్చిన పెద్ద మేడమ్ తెర మీది అక్షరాలను ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చారు.

"గొర్రెదీ కుక్కదీ ఒకటేనా?"

"ఒక్క అక్షరం తేడా లేదు మేడమ్."

"బర్రెది?"

"అదీ అంతే మేడమ్!"

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. గైడు సారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"గొర్రె, మేక, బర్రె చుట్టాలే. అయినా వాటి మధ్య కూడా తేడాలుంటాయి. కుక్క ఇంకా దూరం. పైగా మనుషుల్లో కూడా అరుదుగా కనిపించే ఒక అక్షరం మార్పు ఈ నాలుగింట్లోనూ ఉంది. ఇది నాలుగు జంతువులది కాదమ్మా, ఒక్క మనిషిది. నువ్వు వాడిన రసాయనం మనిషి జన్యువును పట్టడానికి చేసింది. కాస్త ఎంగిలి తగిలినా ముందు దాన్నే పట్టుకుంటుంది. ఎవరిదీ ఎంగిలి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారు కదా, నేను తడుముకోలేదు. తిన్నగా మా మామ భుజాలు చూపించాను.

"మా మామది మేడమ్! పల్లెటూరి మనిషి, ఆయనకు తెలియదు."

"ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు," అన్నారు గైడు సారు.

చేశాను. గొర్రెల అరుపుల మధ్య నుంచి మామ గొంతు వచ్చింది. "ఏంది పాపా?"

"మామా, నిజం చెప్పు, నా సీటు పోతాంది. చెవులు కోసినప్పుడు రక్తం ఆగాలని పలకాకు నమిలి పెట్టినావు గదా?"

పలకాకంటే చిన్నప్పుడు పలక తుడుచుకున్న ఆకే. మా వైపు గాయం తగిలితే అదే మందు.

"నేను యాడ నమిల్తానే! నాకు పళ్ళు యాడున్నాయి? నేను తల పట్టుకొని అట్ల నిలబడినా, అంతే. రక్తం చూసి అయ్యో అయ్యో అని నువ్వే గుప్పెడాకు నోట్లో కుక్కుకుంటివి. ఉక్కపోస్తాందని చేతి తొడుగులు పీకి పారేస్తివి. నమిలిన ముద్ద చెవికి పెట్టి, అదే చేత్తో ముక్క ఏరి సీసాలో వేసినావు. నాలుగింటికీ అట్లనే!"

కొండను తవ్వితే ఎలుక దొరుకుతుందంటారు. నేను తవ్వితే నేనే దొరికాను. సీటు పోతుందన్న భయం కన్నా, పది మందిలో మామ మీదికి నెట్టానన్న సిగ్గే నన్ను ఎక్కువ కాల్చింది.

"ఏమైంది పాపా? పలకవేంది?"

జవాబు మేడమ్ చెప్పారు. "ఏం లేదండీ. మీ నాలుగు జీవాల్లోనూ మీ మేనకోడలి జన్యువే కనిపించింది."

"అట్లనా మేడమ్! మా పాప బుద్ధి గొర్రెకు ఎక్కిందో లేదో నాకు తెల్దు గాని, గొర్రె బుద్ధి మాత్రం మా పాపకు ఎక్కినట్టుంది. అయినా దాన్ని ఎళ్ళగొట్టాకండి. కష్టపడే పిల్ల."

మేడమ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఫైలు వెనకాల గైడు సారు భుజాలు కూడా ఎగురుతున్నాయి. చివరికి ఆవిడ పెన్ను తీశారు.

"ఆరు నెలలు ఇస్తున్నాం. ఒక్కటే షరతు. ఈసారి శాంపిళ్ళు మీ మామ తీస్తారు. నువ్వు గొర్రె తల పట్టుకొని నిలబడు."

ఆ మాటను కమిటీ రికార్డులో సంతకాలతో సహా రాయించారు కూడా.

కాబట్టి మహాజనులారా, కొమరోలు మండలంలోని సమస్త గొర్రెల మీదా మేకల మీదా ఒట్టేసి చెబుతున్నాను: ఇక జన్మలో శాంపిల్ తీసేటప్పుడు నోరు తెరవను. తప్పు ఎవరిదని పెద్దలు అడిగినప్పుడైతే, మామ మాట్లాడేదాకా అస్సలు తెరవను.