రోటర్‌డాం సంతలో సొరచేప కోసం

“రేపు ఏం చేప తెత్తావే?” అన్నాడు మంచాన పడ్డ మా ఆయన. “ముందు మీరు లేచి నిలబడండి, తిమింగలమే తెత్తాను,” అన్నాను. నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది అక్కడితో సరి. తెల్లారి ఆయన లేవలేదు. (ముక్కు చీదకుండా రాయవే, ఇది నవ్వుకోవడానికి చెబుతున్నది.) రాస్తున్నది నా ఆడపడుచు కూతురు. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నోరు నాది, చెయ్యి దానిది.

మేమిద్దరం వయసులో ఉన్న రోజుల్లో, అంటే రెండువేలు దాటిన కొత్తలో, మా యానాంలో తాతల నాటి ఫ్రెంచి పౌరసత్వం కాగితాలున్న ఇళ్ళవాళ్ళు కాకినాడ వెళ్ళొచ్చినట్టు దేశాలు వెళ్ళొచ్చేవారు. ఆ కాగితాలతోనే మా ఆడపడుచు మొగుడు హాలండులో రోటర్‌డాం అనే ఊళ్ళో పనికి కుదిరాడు. ఆమెకి పురుడొస్తే చూసుకోవడానికి నన్నూ, నాకు తోడని మా ఆయన్నీ రప్పించుకున్నారు. మా ఊరి చివర దరియాలతిప్ప దాటి ఎరగని దాన్ని, విమానం ఎక్కాను! ఆడపిల్ల పుట్టింది (ఇదిగో, ఈ రాస్తున్నదే). అంతా బాగానే ఉంది గాని తల్లికి పాలు పడలేదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి గోడవైపు తిరిగి ఏడ్చేది. ఇంటికొచ్చి చూసే నర్సమ్మ, ఇవాళొక్క రోజు చూసి రేపు డబ్బాపాలు పట్టేద్దాం అంది. “నేను పనికిరానిదాన్నా వదినా?” అని ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. మా ఇళ్ళల్లో బాలింతకి పాలు పడాలంటే సొరపిట్టు పెడతారు. సొరచేపని ఉడకబెట్టి, పొడిపొడిగా చిదిమి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి వేయించడం. ఓడలొచ్చే ఊళ్ళో సొర దొరక్కపోతుందా అని, చీర మీద ఆడపడుచు మొగుడి కోటు తొడిగి, మా ఆయన్ని లాక్కుని బయల్దేరాను.

అదేం గాలి! కొంగు జెండాలా ఎగురుతోంది. ఎర్రగా నున్నగా ఉన్న బాట చూసి మనుషులకే వేశారనుకుని దర్జాగా దాని మధ్యన నడిచాం. వెనక నుంచి సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టుకుంటూ పోతున్నారు. “సూశావా మర్యాద, గంట కొట్టి మరీ పలకరిత్తన్నారు,” అని మా ఆయన ఒక్కొక్కరికీ సలాం పెట్టాడు. అది సైకిళ్ళ బాట అని ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగేదాకా మాకు తెలియలేదు.

సంత చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మాట తెలియదుగాని ఆ కేకలు అచ్చం మన చేపల బజారువే. ఒకచోట బండిచక్రాలంత జున్ను బిళ్ళలు పేర్చారు. ఇంకోచోట సూటు వేసుకున్న పెద్దమనిషి తల వెనక్కి వాల్చి, ఉల్లిపాయ ముక్కలద్దిన పచ్చిచేపని తోక పట్టుకుని నోట్లోకి దించుకుంటున్నాడు. “ఉల్లిపాయ ఎయ్యగానే ఉడికిపోద్దనుకున్నాడేమో,” అన్నాడు మా ఆయన. నేను అలవాటు కొద్దీ ఒక చేప మొప్ప ఎత్తి వేలు పెట్టి చూశాను. దుకాణం మనిషి కెవ్వుమన్నాడు. ఆ సంతలో చేపని కళ్ళతోనే కొనాలట! మా ఆయన తన దగ్గరున్న ఫ్రెంచి ముక్కలన్నీ ఖర్చుపెట్టాడు, లాభం లేదు. ఇక నేనే దిగాను. అరచెయ్యి నడినెత్తిన రెక్కలా నిలబెట్టి, ఆ కొట్టు ముందు ఈదుకుంటూ ఒక చుట్టు తిరిగాను. ఆ పైన ఉత్తి చేతుల్లో పిల్లని ఊపి, పాలు తాగినట్టు చూపించాను. జనం పోగయ్యారు. కొట్టువాడు నవ్వి నవ్వి, పొడుగాటి గులాబీ రంగు చేప ఒకటి తీశాడు. దానికి తోలు లేదు!

సొరకి తోలేగా గుర్తు. గోరుతో గీకితే గరుకు కాగితంలా గరగరమనాలి. తోలు ఒలిచి తెచ్చి సొర అంటే మా ఊళ్ళో ఏ ఆడదీ కొనదు. “మోసం, నడండి,” అన్నాను. “తీసేసుకోవే, కాళ్ళు పీకేత్తన్నాయి,” అన్నాడాయన. “నా సెల్లెలికా వండేది? మీ సెల్లెలికే!” అన్నాను. ఇక తనే ముందు నడిచాడు.

తోలున్న సొర కోసం ఊరంతా తిరిగాం. ఒకచోట పసుపు రంగు ఇళ్ళు పక్కకి ఒరిగిపోయి ఉంటే, మీద పడతాయేమోనని నేను కిందనుంచి పరుగెత్తాను. “కట్టినోడు తాగి కట్టాడంటావా?” అని ఆయన అక్కడే నిలబడి ఆశ్చర్యపోయాడు. కాలవలు, పడవలు, వంతెనలు దాటుకుంటూ పోతే ఒక వీధిలో ఉన్నట్టుండి ఎండుచేపల వాసన కొట్టింది. ఆ వాసన వెంటే వెళ్ళాను. కాకరకాయలు, బెండకాయలు, గల్లాపెట్టె దగ్గర మన రంగులోనే ఒక పెద్దావిడ! వాళ్ళ ముత్తాతల్ని ఎప్పుడో మన దేశం నుంచి ఓడల్లో, హాలండువాళ్ళు ఏలిన సురినాం అనే దేశానికి కూలికి తీసుకుపోయారట. మా ఆయన విశాఖ రేవులో నేర్చిన హిందీలో సంగతి చెబితే ఆవిడ నా గడ్డం పట్టుకుని, “ఇక్కడ సొరని తోలు ఒలిచే అమ్ముతారు బేటీ. పరుగెత్తు, సంత ఎత్తేస్తారు,” అంది.

పరుగంటే పరుగా! చెప్పులు చేత్తో పట్టుకున్నాను. వెళ్ళేసరికి డేరాలు విప్పేస్తున్నారు, నేల కడిగేస్తున్నారు. మా కొట్టువాడు ఐసు పారబోస్తూ నన్ను చూసి, తనే నెత్తిన చెయ్యి రెక్కలా పెట్టాడు! చేప ఉంది. అయినా నా అనుమానం తీరలేదు. కోటు మీద గోరుతో గీకి చూపించాను. వాడు చెత్త తొట్టిలో వెతికి తోలుముక్క ఒకటి చేతిలో పెట్టాడు. గరగర! “సొరేనండోయ్!” అని నేను అరిచిన అరుపుకి ఆ చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం పిట్టు నోట్లో పెట్టుకుని ఆడపడుచు చాలా రోజులకి నవ్వింది. “ఇల్లంతా యానాం కంపు కొడతంది వదినా, ఇంకొంచెం ఎయ్యి,” అంది. మర్నాడు పొద్దున్న పిల్ల తాగి తాగి, మూతి నిండా పాలతోనే నిద్రపోయింది. నర్సమ్మ మాత్రం, బాగా నీళ్ళు తాగి, తిని, నిద్రపోయినందుకే పాలు పడ్డాయంది. అననీ. పిట్టు లేకపోతే ఆమె తినేదా?

ఇప్పుడు పక్కనున్న కనకాలపేట వెళ్ళాలన్నా ఆటో కేకేస్తాను. అంత పెద్ద ఊళ్ళో, అంతమంది మధ్య, నెత్తిన చెయ్యి పెట్టుకుని ఈదిన ఆ కోటుపిల్ల ఎవరో, ఎక్కడి ధైర్యమో! ఎదురుపడితే దగ్గర కూర్చోబెట్టుకుని కాళ్ళు పిసికి పంపేదాన్ని.

ఇక చాల్లే, పెన్ను పెట్టేయ్. ఏదీ, మొదట్నించీ ఒకసారి చదివి వినిపించవే. మీ మావయ్య మాటలొచ్చినచోట కాస్త మెల్లగా చదువు.