బంతితో మాట్లాడిన మల్లయ్య

మల్లయ్య మరణించాడన్న వార్త నాకు నాంపల్లి కోర్టు వరండాలో తెలిసింది. చెప్పినవాడు మా గోల్ఫ్ క్లబ్బు తోటమాలి యాదగిరి. "దొరా, మల్లన్న పొద్దుగాల పోయిండు. దవాఖానకు తీస్కపోయేటాళ్ళకే అయిపోయింది" అన్నాడు. "సరే" అన్నాను. లోపలికి వెళ్ళి, సగంలో ఆపిన దస్తావేజు తర్జుమా పూర్తిచేశాను. ఒక్క తప్పు దొర్లలేదు. పదకొండు రోజులు గడిచాయి. దుఃఖం ఇంకా రాలేదు. అది రావలసిన చోటు మొద్దుబారి ఉంది. అయినా రాస్తున్నాను. ఆయన బతికుండగా చెప్పవలసిన మాట ఒకటి నేను చెప్పలేదు.

మల్లయ్య మా క్లబ్బులో ముప్పై ఏళ్ళు క్యాడీ. ఆడేవారి కర్రల సంచి మోసి, బంతి పడ్డ చోటు చూపడం ఆయన పని. మొదట మా నాన్నగారి సంచి మోశాడు, తరువాత నాది. జాగీరు రద్దయి, మేముండే భవంతి దేవిడీ పరులపాలై, మేము నాంపల్లి స్టేషను వెనుక కిరాయి ఇంటికి వచ్చేసరికి మాకు మిగిలినవి నాన్నగారి ఏడు కర్రలు, క్లబ్బు సభ్యత్వం. ఆ రెంటినీ నేను వదలలేదు. వదలకపోవడమే వంశగౌరవం అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. ఆట మాత్రం నాకు వచ్చేది కాదు.

క్యాడీ సభ్యుడి తప్పు ఎత్తిచూపకూడదు. ఎక్కడా రాసిపెట్టి లేకపోయినా అందరూ పాటించే మర్యాద అది. అందుకని మల్లయ్య బంతికి చెప్పేవాడు. నేను కొట్టిన బంతి తుప్పల్లో పడితే దాన్ని వెతికి తెచ్చి, అంగీ అంచుతో తుడుస్తూ, "ఏమే, దొర నిన్ను సూడనే లేదా? నువ్వు లేవకముందే దొర తల లేసింది. నువ్వేం జేస్తవ్ పాపం" అనేవాడు. నేను ఎటో చూస్తూ వినేవాణ్ణి. మరుసటి దెబ్బకు తల దించే ఉంచేవాణ్ణి. బంతి తిన్నగా పోయేది. "ఇగ సూడు, ఎంత ముద్దుగ పోతున్నవో" అని దాని వెనకే కేకవేసేవాడు.

కర్ర బిగించి పట్టడం నాకు మరో జబ్బు. "నిమ్మకాయ పిండినట్టు పిండుతుండు దొర. రసం ఎవలకు కావాలెనే?" అని బంతిని అడిగాడు ఒకరోజు. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. వేళ్ళు మాత్రం సడలించాను. ఏటా నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్, అయిపోయి మైదానం ఖాళీ అయ్యాక, కోర్టు వేళకు ముందు అక్కడే సాధన చేసేవాళ్ళం. ఇరవై నాలుగున్న నా హ్యాండికాప్ ఏళ్ళు గడిచేకొద్దీ పదకొండుకు దిగింది. ఈ ఆటలో ఆ అంకె ఎంత దిగితే ఆటగాడు అంత ఎదిగినట్టు.

ఇంత నేర్పినందుకు మల్లయ్య కోరింది ఒక్కటే: కెనడా కబుర్లు. ఆ దేశపు ఇంజనీరు ఒకాయన ఇక్కడ పనిచేసిన రెండేళ్ళూ మల్లయ్యే ఆయన సంచి మోశాడు. ఆయన తిరిగి వెళ్ళాక పాత వార్తాపత్రికల కట్టలు అబిడ్స్ పోస్టాఫీసుకు పంపేవాడు. మల్లయ్యకు ఇంగ్లీషు రాదు. శనివారం సాయంత్రాలు పోస్టాఫీసు మెట్ల దగ్గర నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. మొదట్లో నిలబడే చదివాను. ఆ మెట్లమీద కూర్చోవడం మా ఇంటివాళ్ళు చేసే పని కాదు. మూడో ఏట కూర్చున్నాను.

"నీకెందుకు మల్లయ్యా ఆ దేశం గొడవ?" అని అడిగాను.

"ఆడ ఆర్నెల్లు మంచట దొరా. ఆట బంద్. ఆడకుంట ఆర్నెల్లు మనుషులు ఏం మాట్లాడుకుంటరో ఎరుక జేస్కోవాలె."

వాళ్ళు మాట్లాడుకునేది రాజకీయమే. కొత్త జెండా ఎలా ఉండాలన్నదానిపై వారి పార్లమెంటులో నెలల తరబడి వాదం నడిచింది. "ఇంకా తెగలేదా? మన అసెంబ్లీకి తోల్కరమ్మనుర్రి, నాంపల్లిల రెండు దినాలల్ల తెంపుతరు" అనేవాడు. చివరికి మేపుల్ చెట్టు ఆకును ఎంచుకున్నారని చదివాను. "గంత కొట్లాడి ఆకు పెట్టుకున్నరా?" అని, మళ్ళీ తనే "మంచిదే. ఆకు మీద ఎవని పేరుండదు" అన్నాడు. వైద్యం ఖర్చు సర్కారే భరించే చట్టం గురించి చదివినప్పుడు మాత్రం నన్ను నమ్మలేదు. "ఇంకోపారి సదువుర్రి దొరా. తప్పు సదివిన్రేమో."

ఒక ఏడు క్లబ్బు పోటీలో నాకు చిన్న కప్పు వచ్చింది. బహుమతి ఇచ్చిన పెద్దమనిషి అందరి ముందూ, "మీ గురువెవరు?" అని అడిగాడు. మల్లయ్య నాకు నాలుగడుగుల దూరంలో సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గురువెవరూ లేరు. మా రక్తంలోనే ఉంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. మల్లయ్య కూడా సంచి కింద పెట్టి కొట్టాడు. ఆ రోజు తిరుగుదారిలో ఆయన నాతో మాట్లాడలేదు. బంతితోనూ మాట్లాడలేదు.

శనివారం కట్టతో వచ్చి, "సదువుర్రి దొరా" అన్నాడు. చదివాను. ఆ తరువాత ఎన్నో శనివారాలు వచ్చాయి. ఏ శనివారమైనా ఆ మాట చెప్పి ఉండవచ్చు.

క్లబ్బు బోర్డు మీద "పాత క్యాడీ మల్లయ్య మృతికి సంతాపం" అని రాసిపెట్టారు. నేను కార్యదర్శి దగ్గరికి వెళ్ళి మార్చమన్నాను.

"ఏం మార్చాలె సాబ్?"

"గోల్ఫ్ గురువు అని రాయండి."

"ఎవరి గురువు?"

గదిలో నలుగురు సభ్యులు పేకాడుతున్నారు. "నా గురువు" అన్నాను. వాళ్ళు తలలెత్తి చూశారు. కార్యదర్శి కలం తీసి, "అయితే పూర్తి పేరు చెప్పండి. ఇంటిపేరేంది?" అన్నాడు.

నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు నా సంచి మోసిన మనిషి ఇంటిపేరు నేను ఏనాడూ అడగలేదు.

అక్కణ్ణుంచి నేరుగా నాంపల్లి మార్కెట్ వెనుక గల్లీలో ఉన్న వారింటికి నడిచాను. ఆ గడప దగ్గరికి వెళ్ళడం అదే మొదలు. ఆయన భార్య లచ్చవ్వ బియ్యం ఏరుతోంది. అడిగాను.

"గిప్పుడెందుకు దొరా?"

"బోర్డు మీద రాయాలి."

"ఆయనున్నప్పుడు అడిగితే మస్తు సంబురపడేటోడు" అంది. తరువాత చెప్పింది. "ఏదీ, మీరొకపారి అనుర్రి. తప్పు రాస్తరు మళ్ళ."

నిలబడి అన్నాను. ఆమె తలూపి, మళ్ళీ చేట అందుకుంది.

ఇప్పుడు బోర్డు మీద ఉన్నది నా చేతిరాత: గోల్ఫ్ గురువు శ్రీ నీరటి మల్లయ్య గారు. ఆయన పేరు పక్కన "గారు" అని నేను చేర్చడం ఇదే మొదటిసారి. విని సంబరపడవలసిన మనిషి లేడు.