జేబుంటే బట్ట, లేకుంటే గుడ్డ

మా బాబాయికి లోకంలో ఒకే ఒక్క లోపం కనిపించేది. జేబులు చాలవు.

"జేబుంటే బట్ట, లేకుంటే గుడ్డ" అనేవాడు. ఆయన తాళాలు బాగుచేసేవాడు. మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి వచ్చి, భోంచేసి, కుట్టుమిషను ముందు కూచునేవాడు. మేం పారేద్దామనుకున్న బట్టలన్నీ ఆ మిషను పక్కనే గుట్టగా పడి ఉండేవి. నలిగిన కాలరు విప్పి తిరగేసి కుట్టేవాడు. వెలిసిపోయిన లంగాకి కొత్త రంగు వేసేవాడు. అయితే అవన్నీ సాకులే. అసలు పని జేబు.

జేబుకి వేరే గుడ్డ వాడడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. రంగు కలవాలి కదా. ఏ చొక్కాకి జేబు పెడితే ఆ చొక్కా అంచులోంచే ముక్క తీసేవాడు. జేబు పెరిగినప్పుడల్లా చొక్కా పొట్టిదయ్యేది. నాలుగు జేబుల చొక్కా వేసుకుని నాన్న చెయ్యెత్తితే బొడ్డు కనిపించేది.

"ఒరేయ్, ఆఫీసులో చెయ్యెత్తి మాట్లాడలేకపోతున్నానురా!"

"ఎత్తడమెందుకు అన్నయ్యా? జేబులో పెట్టుకో. అందుకేగా కుట్టింది."

నాన్న కళ్ళద్దాలు పోయాయని రెండు రోజులు ఇల్లంతా వెతికాం. పోలేదు, జేబులోనే ఉన్నాయి. ఏ జేబు అన్నదే తెలియలేదు. చివరికి మోకాలి దగ్గర దొరికాయి.

నాన్నమ్మ స్వెట్టరుకి వీపు మీద జేబు కుట్టాడు.

"ఒరేయ్, వీపు మీద జేబేంట్రా? కళ్ళు కనిపించడం లేదా నీకు?"

"వీపు గోకే పుల్ల పెట్టుకోడానికమ్మా. దురద అక్కడేగా నీకు!"

"పెట్టుకున్నాక తీసేదెవరు?"

"నన్ను పిలు."

ఆమె పిలిచేది. రోజుకి పదిసార్లు పిలిచేది. షాపులో ఉన్నా పిలిచేది.

ఇంటికి చుట్టాలు వస్తే ఇంకా ప్రమాదం. బాబాయి వాళ్ళతో కబుర్లు చెబుతూనే నడుము పక్కన సుద్దముక్కతో జేబు గీసేసేవాడు. వాళ్ళకి తెలిసేది కాదు. వీధిలో ఎవరి నడుము పక్కనైనా తెల్లటి గీత కనిపిస్తే, మా ఇంటి నుంచి వస్తున్నారని అందరూ గుర్తుపట్టేవారు.

"జేబులు కత్తిరించే వాళ్ళని పోలీసులు పట్టుకుంటారు. కుట్టే వాళ్ళని ఎవరు పట్టుకోవాలి?" అనేవాడు నాన్న.

మా పిన్ని మాత్రం ఏమీ అనేది కాదు. ఆమె బస్టాండులో మైకు దగ్గర పనిచేసేది. ఏ బస్సు ఎన్ని గంటలకో, ఏ ప్లాట్‌ఫారమో చెప్పడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా ఊరంతా ఆమె గొంతు విని బస్సెక్కింది. ఆమె చెబితే ఆలస్యంగా వచ్చే బస్సు మీద కూడా కోపం వచ్చేది కాదు.

ఒక చలికాలం ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు చూసి, "భయపడాల్సిందేమీ లేదమ్మా. అలాగని పోయేదీ కాదు. దానితో కాపురం చేయాల్సిందే" అన్నాడు.

పిన్ని భయపడలేదు. ఒకరోజు బస్టాండు అద్దాల గదిలో మైకు ముందు కూచుని బస్సుల వేళలు చదువుతుంటే, ఒక ప్రయాణికురాలు ఆమె చేతిని చూసి పక్కావిడతో "పాపం" అంది. ఆ మాట అద్దం దాటి లోపలికి వినిపించింది. పిన్ని ఆ రోజు ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళలేదు.

"గొంతు బాగానే ఉంది కదే చెల్లీ!" అని అమ్మ ఎంతో చెప్పి చూసింది.

"చెయ్యి వణకడం చూశాక, జనానికి గొంతు కూడా వణుకుతున్నట్టే వినిపిస్తుందక్కా."

బస్టాండు నుంచి కబురొచ్చింది. ఒకటో తారీఖుకల్లా రాకపోతే రికార్డు చేసిన గొంతు పెట్టేస్తారట. పిన్ని విని, కిటికీ వైపు తిరిగి కూచుంది. మేం రేడియో కూడా ఆపేశాం.

బాబాయి మిషను మాత్రం ఆగలేదు. పైగా కొత్తగా మూటలు మోసుకొచ్చాడు. అన్నీ నీలం రంగు కోట్లు, మోచేతుల దగ్గర అరిగిపోయినవి. మోచేతులకి అతుకులు వేశాడు. తెగిన గుండీలు మార్చాడు. ఒక్కోదానికి కుడి పక్కన ఒక్కో జేబు కుట్టాడు. పిన్ని కిటికీ దగ్గర్నుంచి అటు తిరిగి చూడనే లేదు.

"ఎవరివయ్యా ఈ కోట్లు?" అంది అమ్మ.

"పాతవి వదినా."

"ఎవరివంటే పాతవంటాడేంటి! ఆవిడ అలా కూచుండిపోతే నీకీ జేబులేంటయ్యా? కాస్త దగ్గర కూచుని రెండు మాటలు చెప్పొచ్చుగా?"

"చెప్పాను. వినలేదు" అని సూదిలో దారం ఎక్కించాడు.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అన్నాడు నాన్న. "వీడు ఆ రోకలికి కూడా జేబు కుడతాడు."

ఒకటో తారీఖు పొద్దున పిన్ని రాజీనామా రాసింది. వంకర అక్షరాలు చూసుకుని, మళ్ళీ రాయకుండా మడిచేసింది. తానే వెళ్ళి ఇచ్చి వస్తానంది. బాబాయి ఆమె కోటు తెచ్చి ఇచ్చాడు. దానికీ కుడి పక్కన జేబుంది. లోపల పాత కంబళి మెత్తగా వేసి కుట్టాడు. చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోతుంది.

పిన్ని చెయ్యి పెట్టి చూసింది. తీసేసింది.

"నా ఒక్కదాని కోటుకే జేబుంటే అందరూ ఎందుకని చూడరా?"

"ఉత్తరం పెట్టుకోడానికి. చలిలో చేత్తో పట్టుకుని ఎక్కడ నడుస్తావ్?" అని ఆయన షాపుకి వెళ్ళిపోయాడు. వెళ్ళాడనే అనుకున్నాం.

పిన్నికి తోడుగా నేను వెళ్ళాను.

బస్టాండు గేటు దగ్గర కాపలా మనిషి పిన్నిని చూసి తలూపాడు. ఎప్పుడూ చెయ్యెత్తి నమస్కారం పెట్టే మనిషి. కుడిచెయ్యి జేబులో ఉంది. ఊడ్చే ఆవిడ చీపురు చంకలో ఇరికించుకుని నిలబడింది. కుడిచెయ్యి జేబులో ఉంది. టికెట్లమ్మాయి ఎడమచేత్తో చించి ఇస్తోంది.

"ఏంటమ్మా ఈ నత్తనడక! బస్సెళ్ళిపోతోంది" అని వరుసలో ఒకాయన కేకలేస్తున్నాడు.

"చలండీ" అంది ఆ అమ్మాయి. కుడిచెయ్యి మాత్రం బయటికి తీయలేదు.

మేనేజరు ఎదురొచ్చాడు. ఆయన కోటూ నీలమే. ఆయన చెయ్యీ లోపలే.

"రండమ్మా, మీకోసమే చూస్తున్నాను. మీ ఆయన నెల రోజులుగా మా కోట్లు పట్టుకెళ్ళి ఏం చేశాడో చూశారా? వెచ్చగా ఉంది, కాదనను. కానీ ఒక్కరూ చెయ్యి బయటికి తీయడం లేదు. నేనెవరితో పని చేయించాలి?"

"మీరు తీస్తే వాళ్ళూ తీస్తారు సార్" అన్నాను.

ఆయన తన జేబు వైపు చూసుకున్నాడు. తీయలేదు.

పిన్ని చుట్టూ చూసింది. మూడు నెలల తరవాత ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. ఆమె చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. ఉత్తరం అడుగున ఉంది. అది బయటికి రాలేదు.

"ఏదో తెచ్చినట్టున్నారు?" అన్నాడు మేనేజరు.

"ఏం లేదు సార్. ఎనిమిదిన్నర బస్సుకి టైమవుతోంది" అని ఆమె అద్దాల గదిలోకి నడిచింది.

అప్పుడు కనిపించాడు బాబాయి. మూడో స్తంభం వెనక, సగం బయటికి.

"ఇక్కడేం చేస్తున్నావ్ బాబాయ్?"

"తాళం చూడ్డానికి వచ్చా."

"ఏ తాళం?"

"ఏదో ఒకటి. ఇంత బస్టాండులో చెడిపోయిన తాళం ఉండకపోతుందా?"

"పిన్ని కోటు ఒక్కదానికి కుడితే సరిపోయేదిగా! ఇంతమందికి ఎందుకు?"

ఆయన అద్దాల గది వైపే చూస్తున్నాడు.

"ఒక్కదానికి కుడితే అది దెబ్బకి కట్టిన కట్టు అవుతుందే. అందరికీ కుడితే ఫ్యాషను."

మైకు గరగరమంది.

"ప్రయాణికులకు గమనిక. ఎనిమిదిన్నర బస్సు రెండో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది."

గొంతు ఎక్కడా వణకలేదు. వరుసలో కేకలేస్తున్న ఆయన కూడా తలెత్తి విన్నాడు. బాబాయి ఊపిరి వదిలాడు. మైకు మళ్ళీ గరగరమంది.

"మరో గమనిక. మూడో స్తంభం వెనక నిలబడ్డ తాళాల ఆయన చూసింది చాలు, ఇక వెళ్ళి షాపు తెరవాలని మనవి. నా కోటుకి ఎడమ పక్కన కూడా జేబు కావాలి. సాయంత్రానికల్లా."

బస్టాండంతా స్తంభం వైపు తిరిగింది.

బాబాయికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండూ కిందికి జార్చి తన నీలం ప్యాంటు తడుముకున్నాడు. అక్కడ రెండు పక్కలా కుట్టు విప్పిన గీతలు మాత్రం ఉన్నాయి. ఆ జేబులు ఎప్పుడో ఎవరి కోట్లకో వెళ్ళిపోయాయి. అటూ ఇటూ చూసి, చివరికి ఒక చెయ్యి తెచ్చి నా జేబులో పెట్టుకున్నాడు.