పూజలో కూర్చున్న రివాల్వరు

ఆ రోజుల్లో నా చేతులు ఒకచోట ఉండేవి కావు. బర్మాలోని పజుండౌంగ్‌లో కుట్టు మిషన్ల రిపేరు నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడు నెలలకే, లోకంలో మరలున్న ప్రతి వస్తువూ నా కోసమే పాడవుతోందని నమ్మేశాను. ఇంట్లో గడియారం, ఫ్యాను, అమ్మమ్మ రేడియో అన్నీ విప్పాను (కొన్ని తిరిగి బిగించాను కూడా). సరిగ్గా అప్పుడే మావయ్య తన రివాల్వరు తెచ్చి నా ముందు పెట్టాడు.

నిజమైనది కాదు, కంగారు పడకండి. మా తెలుగువాళ్ల దసరా నాటకాల్లో కాగితపు బిళ్ళ పెట్టి పేల్చే ఇనప బొమ్మ. బొటనవేలితో వెనక సుత్తిని లాగి నిలబెట్టి, ఆ తరవాతే మీట నొక్కాలి. ఆ సుత్తి నిలబడడం మానేసింది. మావయ్యకేమో పదేళ్ల కానిస్టేబుల్ వేషాల తరవాత మొదటిసారి ఇనస్పెక్టర్ వేషం దొరికింది. ఆఖరి సీనులో దొంగను కాల్చాలి. "ఇది పేలకపోతే నన్ను మళ్లీ లాఠీయే మొయ్యమంతారు రా," అన్నాడు. "కుట్టు మిషను కన్నా కష్టమేటి మావయ్యా, నాకొగ్గేయ్," అన్నాను.

విప్పి చూస్తే సుత్తిని పట్టి ఉంచే గాటు అరిగిపోయింది. ఆకురాయితో దాన్ని లోతు చేసి, నీరసించిన స్ప్రింగు తీసేసి కుట్టు మిషనుది వేశాను. సుత్తి టక్కున నిలిచింది. అక్కడితో ఆపొచ్చుగా? ఆపలేదు. గంటకోసారి తీసి టకటకలాడించడం, ఇంకాస్త నునుపు చేద్దామని మళ్లీ విప్పడం. అమ్మమ్మ (అంటే మావయ్య కన్నతల్లి) విసిగిపోయి, "సేతులికి తేలు గానీ కుట్టిందేటిరా?" అనేది.

ఆయుధ పూజ రోజు పొద్దున్న, నా పనితనం పదిమందీ చూడాలని, దాన్ని స్క్రూడ్రైవర్ల పక్కన పీట మీద నేనే పెట్టాను. అమ్మమ్మ పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చింది. నాటకం ఆ సాయంత్రమే. తీయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"పూజలో కూకున్న పనిముట్టుని రేపు పొద్దున్న దాకా కదపకూడదు. తెలీదేటి?"

"నీ కొడుకు పరువు పోతాది అమ్మమ్మా."

"అమ్మోరి కన్నా ఆడెక్కువేటి?"

మావయ్య మొహం పాలిపోయింది. "యాబాదే, పర్లేదులే," అని బర్మా మాటతో తనకు తనే సర్దిచెప్పుకుని, అరటిపండుకి నల్లగుడ్డ చుట్టి నడుముకి దోపుకున్నాడు. నా పని తెర పక్కన కాగితపు సంచి ఊది పగలగొట్టడం. "నాను సెయ్యెత్తినాకే కొట్టాల. అందాకా కదలకు," అన్నాడు.

నాకు చేతకానిది అదొక్కటే. ఊదిన సంచితో నిలబడితే అరచేతులు ఒకటే దురద. మావయ్య ఇంకా "పారిపోగలననుకున్నావా" దగ్గరే ఉన్నాడు, నా చేతిలో సంచి ఠాప్‌మంది. అరటిపండు నడుముకే ఉంది. దొంగ వేషగాడు నా వైపు చూశాడు, మావయ్య వైపు చూశాడు, పాపం మర్యాదస్తుడు, పడి చచ్చిపోయాడు. మావయ్య శవం మీదకి వంగి, "పోలీసోణ్ని సూసే సచ్చాడు ఎదవ," అన్నాడు. జనం బెంచీలు చరిచి మరీ నవ్వారు. ఆ తరవాత ఏటా ఆయనకి హాస్యం వేషాలే ఇచ్చారు. ఇనస్పెక్టర్ వేషం మళ్లీ రాలేదు.

మర్నాడు పొద్దున్న పీట కదిపాక ఆయన రివాల్వరు తీసి, బిళ్ళ పెట్టి, సుత్తి లాగి పేల్చాడు. వీధిలో కాకులన్నీ లేచాయి. "బాగానే సేసినావురా," అన్నాడు. సంచి సంగతి ఎన్నడూ ఎత్తలేదు, నాకిప్పటికీ సిగ్గే.

మావయ్య పోయి రెండేళ్లయింది. రివాల్వరు నా కొట్లో ఉంది. ఏటా పూజకి పెట్టేముందు ఒక్కసారి సుత్తి లాగి నిలబెడతాను, మీట మాత్రం నొక్కను. ఆయన చెయ్యెత్తేదాకా ఆగడం ఇప్పుడు నాకు బాగా వచ్చు.