దొర పెట్టెకు దండం

ఓటు అనే మాట పల్లెలకు కొత్తగా వచ్చిన రోజులవి. పోలీస్ యాక్షన్ అయిపోయి, నిన్నటిదాకా ఎర్ర కుచ్చుటోపీ పెట్టుకుని నిజాంకు సలాములు కొట్టినవాళ్ళంతా ఖద్దరు టోపీలోకి మారి, తాము పుట్టుకతోనే దేశభక్తులమని మనల్ని నమ్మించబోయిన కాలం. టోపీ మారినంత సులువుగా తలకాయ మారదని చెప్పడానికి చాలామందికి ధైర్యం లేదు. నాకైతే అంత తెలివే లేదు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మారేడ్‌పల్లిలో ఒక దొరగారి బంగళాకు వెళ్ళి ఆయన పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పేవాణ్ణి. జనం తిరగబడ్డప్పుడు ఊళ్ళో గడీ వదిలి సికింద్రాబాద్‌కు పారిపోయి వచ్చి, మిలిట్రీ వెళ్ళాక దాని వెనకాలే వెళ్ళి తాళాలు తీయించుకున్న మహావీరుడాయన. (పారిపోవడం అనకూడదు, "గాలి మార్పుకు వచ్చినం" అనేవారు.) అలాంటాయన పార్లమెంటుకు నిలబడ్డారు. అంతా పల్లెల నియోజకవర్గం. అందులో సగం ఊళ్ళు ఆయన చూసిందే లేదు. చూసిన ఊళ్ళల్లో వెట్టి చేయించుకోవడం తప్ప చేసిందేమీ లేదు. "గెలిస్తే నిన్ను ఢిల్లీ తీస్కపోత, సెక్రెటరీ చేస్త" అన్నారు నాతో. ఇంకేం, నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మోండా మార్కెట్ దగ్గర దర్జీ చేత ఉన్నికోటు కుట్టించేశాను. "ఢిల్లీలో చలి ఎముకలు కొరికేస్తుందంట నాయనా" అంటూ కోస్తా నుంచి వచ్చిన మా అమ్మ నా కోసం ప్రార్థన మొదలుపెట్టింది. మిషన్ బడిలో మేష్టారైన నాన్న మాత్రం ఆ కోటు వంక ఓసారి చూసి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని పేపర్లో తల దూర్చారు.

అప్పట్లో అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద వాళ్ళ గుర్తు. ఎవరి పెట్టెలో చీటీ వేస్తే ఓటు వాళ్ళకే. దొరగారిది గుర్రం. ఆయన మీద నిలబడ్డది సైకిలు మీద తిరిగే ఓ వకీలు, ఆయనది నిచ్చెన. "మావోళ్ళు ఎడ్డోళ్ళు, జెర నువ్వే సమ్‌ఝాయించు" అని దొరగారు నన్ను ఊరికి తీసుకెళ్ళారు. గడీ ముందు ఎవరైనా చెప్పులు చేతపట్టుకునే నడవాలి. దొర మంచాన్నీ కుర్చీనీ తాకడానికి వీల్లేదు. అలాంటి వాకిట్లో నేను రెండు కిరసనాయిలు డబ్బాలకు గుర్రం బొమ్మా, నిచ్చెన బొమ్మా అంటించి, గొంతు సవరించుకుని ఉపన్యాసం దంచాను. "ఈ గుర్రం పెట్టె పెట్టె కాదు, సాక్షాత్తూ మీ దొరే అనుకోండి!" (ఈ వాక్యం రైల్లోనే ఆలోచించి పెట్టుకున్నాను.) ముందున్న ముసలవ్వ వెంటనే చేతిలోని చెప్పులు కింద పెట్టి, వంగి డబ్బాకు దండం పెట్టింది. వెనక ఉన్నవాళ్ళూ వంగారు. అరుగు మీద దొరగారి ముఖం విప్పారింది. "బస్, చాలు! మావోళ్ళకు మర్యాద నేర్పాల్నా?" అని రిహార్సలు అక్కడికే ఆపేశారు.

ఓటింగు రోజున బయటికొచ్చిన ప్రతివాళ్ళూ "దొరకు దండం పెట్టినం సారూ" అంటుంటే, నేను మనసులోనే ఢిల్లీ రైలెక్కేశాను.

లెక్కింపులో దొరగారు చిత్తుగా ఓడిపోయారు. సొంత ఊరి గుర్రం పెట్టెలో బంతిపూలు కొన్ని, చీటీ ఒకటే. ఆ ఒక్కటీ దొరగారిది. (దొరసానిగారూ అక్కడే ఓటు వేశారు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.) "ఎవడు దగా చేసిండో పోయి అర్సుకో" అని నన్ను మళ్ళీ ఊరికి తరిమారు. ఆ ముసలవ్వనే పట్టుకుని అడిగాను.

"నువ్వే చెప్తివి గద సారూ, గా పెట్టె దొరే అని. దొరను మేం ముట్టుకుంటమా? చెప్పులిడిసి, దండం పెట్టి, ఎడంగ జరిగి పక్క పెట్టెల ఏసినం."

"నిజంగా తెలియకే వేశారా అవ్వా?"

"మాకేం ఎరుక సారూ, ఎడ్డోళ్ళం."

ఆమె ముఖంలో నవ్వు లేదు. కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండింది, సిగ్గేసింది, ఆ వెంటనే లోపలెక్కడో చచ్చేంత సంతోషమూ కలిగింది. ఎడ్డివాళ్ళం నేనూ, మా దొరగారూ.

బంగళాకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. దొరగారు మీసం సవరించుకుని, "అంటే, మర్యాదయితే తప్పలే గదా?" అన్నారు. ఊరట చెందారనే అనుకున్నాను, మర్నాడు నా ట్యూషను మాన్పించేదాకా.

ఉన్నికోటు ఢిల్లీ చూడలేదు. మే నెలలో నా పెళ్ళికి అదే వేసుకుని, చర్చిలో చెమటకు తడిసి ముద్దయ్యాను. నాన్న ముందు వరసలో కూర్చుని సోమలింగాన్ని చూసినట్టు నన్ను చూసి నవ్వారు. ఇప్పటికీ ఎన్నికలప్పుడు గుమ్మంలోకొచ్చిన ప్రతి అభ్యర్థికీ ఆ అవ్వలాగే వంగి దండం పెడతాను, చెప్పులు విడిచి మరీ. మా ఆవిడ నవ్వుతుంది. ఎవరికి ఓటు వేశానో ఆమెక్కూడా చెప్పను. కోటు మాత్రం మళ్ళీ ఎవరినీ నమ్ముకుని కుట్టించలేదు.