నేసి చూడని అంచు

మా మేనమామ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను హిందూపురంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక చీర అంచుకు రంగులు మారుస్తున్నాను. పెనుకొండ దాటేదాకా బస్సులో ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆగలేదు. నాకీ పని నేర్పింది ఆయనే.

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీయడం మామ వృత్తి. గళ్ల కాగితం మీద గీసి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించి నేతగాళ్లకు ఇచ్చేవారు. ఆ అట్టలు మగ్గమెక్కితే బొమ్మ చీరలోకి దిగుతుంది. ఎవరెంత తొందరపెట్టినా, ముందు ఇంట్లో మగ్గం మీద మూరెడు నేసి, తిప్పి వెనకవైపు చూసుకున్నాకే ఇచ్చేవారు. "ముందర్ది అందరూ చూస్తారు పాపా. కట్టుకున్నోళ్లకు తగిలేది వెనకదే" అనేవారు.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి పెళ్లిళ్ల కాలంలో నేతగాళ్లు నెత్తిన కూర్చుంటే, నేసి చూడకుండానే ఒక హంసల అంచు అడిగినవాళ్లందరికీ ఇచ్చేశారు. వెనక పోగులు పొడుగ్గా వేలాడాయి. కట్టుకున్నవాళ్ల మెట్టెలకు తగులుకుని అంచులు పాడయ్యాయి. మామ సైకిలేసుకుని బత్తలపల్లి, తాడిమర్రి దాకా ఇల్లిల్లూ తిరిగి అట్టలు అడిగారు. కొందరు ఇచ్చారు. కానీ అప్పటికే ఒకరిని చూసి ఒకరు అలాంటి అట్టలే కొట్టించుకున్నారు. "ఇచ్చేది నిమిషం పని. వెనక్కి తెచ్చుకునేది నా చేత కాల్యా" అని చివరిదాకా బాధపడ్డారు. ఆ యేడాదంతా తిట్టడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ తిట్టించుకున్నారట.

అందుకే, మాట చెబితే బొమ్మ గీసే ఏఐని నేను ఫోన్లో చూపించినప్పుడు ఆయన సంబరపడలేదు.

"దీన్ని ముందు యా మగ్గం మీద నేసి చూసినారు?"

"ఒకేసారి అందరికీ వదిలేసినారు మామా. వాడేకొద్దీ దిద్దుతారంట."

"అంటే నేసి చూసే మగ్గం మనమేనా?"

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. పక్కింటి అవ్వకు చదువు రాదు. ఆమె పింఛను కాగితంలో ఏముందో చదివి వినిపించింది ఈ ఏఐయే. ఆ మాటే అన్నాను. మామ కాదనలేదు. "మేలుండాది. లేదన్యానా? తప్పు చెప్తే మాత్రం ఆ యవ్వ ఎవురింటికి పోయి తిట్టల్ల?"

ఫోన్ పక్కన పెట్టేశాను.  ఇలాంటివి ఉచితంగా పంచేవాళ్లు ఎందుకు పంచుతున్నారో నాకు తెలియదు, నమ్మకమూ కుదరడం లేదు.

చేతులు వణకడంతో రెండేళ్లుగా పెన్సిలు పట్టని మామ, చివరికి దాంతోనే ఒక నెమలి అంచు గీయించారు. తన మనసులో బొమ్మ కళ్లెదుట కనబడితే చంటిపిల్లాడిలా మురిసిపోయారు. ఆ సంతోషం ఆయనకు దక్కిందని ఏఐకి నేను రుణపడ్డాను. నేను దాన్ని గళ్లలోకి దించితే అత్త మూరెడు నేసింది. తిప్పి చూస్తే, వెనక పోగులు వేలెడు పొడుగు. నా చేత ఒక్కో గడీ దిద్దిస్తున్న పని పూర్తి కాకముందే ఆయన వెళ్లిపోయారు.

దినాలయ్యాక వెనకవీధి నేతగాడొకడు వచ్చి ఆ అంచు అడిగాడు. దిద్దడం ఇంకా అవలేదు, ఆగమన్నాను.

"పర్వాలేదులేక్కా. అట్లాంటిదే ఫోన్లో మేమూ గీయించుకున్న్యాం. మా వీధిలో నాలుగు మగ్గాలెక్కినాది. నాది మా పాప పెండ్లిచీరే."

"నేసి, తిప్పి చూసినారా?"

"యాడక్కా, ముహూర్తం దగ్గరకొచ్చె."

మామ చెప్పినదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చూస్తానని తలూపి, పనుందని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా వెనకవీధిలో నాలుగు మగ్గాల చప్పుడు వింటూ మామ గదిలో కూర్చున్నాను. ఒక్కటైనా ఆగుతుందేమోనని చూశాను. సాయంత్రానికి అయిదోది మొదలైంది.