వణికే చేతికి తగ్గ హెడ్

స్టూడియో మామ పోయిన సంగతి నాకు శింగనమల చెరువు కట్ట మీద తెలిసింది. పొద్దున ఏడు కూడా కాలేదు. అత్త ఫోన్ చేసి, "పాపా, మీ మామ పోయినాడు. నిద్దట్లోనే పోయినాడు. నువ్వు యాడుండావు?" అంది. చెరువు దగ్గరున్నానని చెబితే, "పిట్టల పటాలు తీసుకోనే రా. పని ఇడ్సిపెట్టి వచ్చినావంటే ఆయన ఒప్పుకోడు" అంది. ఏడుస్తూనే అంది ఆ మాట. నేనేమీ తీయలేదు. అన్నీ సర్దుకుని బండెక్కాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు, కొత్తచెరువుకు కోడలిగా వచ్చాను. ఆయనది ముస్లిం కుటుంబం, బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో. కంప్యూటర్ మీద పెళ్లి ఆల్బమ్‌లు చేసే పనికి అక్కడ చేరిన రోజే, "సార్ అనొద్దు పాపా, సార్లు ఇస్కూల్లో ఉంటారు" అన్నాడు. అలా మామ అయ్యాడు, ఆయన భార్య అత్త అయింది.

ఆయన చెయ్యి వణుకుతోందని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. మనిషిని చూసి కాదు, ఫొటోలు చూసి. ఒక పెళ్లిలో తాళి కట్టేటప్పుడు తీసిన పటాలన్నిటిలో పెళ్లికూతురి కళ్లు అలుక్కుపోయినట్టున్నాయి. నేనెంత బాగు చేసినా అవి కళ్లలా కాలేదు. నాకు నోటి మీద అదుపు తక్కువ. "మామా, చెయ్యి వణుకుతాండాదా?" అని అడిగేశాను.

"నా చెయ్యి కాదు పాపా, గాలి" అన్నాడు.

కల్యాణమంటపంలో గాలెక్కడిది? అయినా ఊరుకున్నాను. లోకం ఊరుకోలేదు. నల్లమాడ నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్లి ఫొటోల కోసం మాట్లాడటానికి వచ్చాడు. మామ టీ గ్లాసు పట్టుకున్న తీరు చూసి, "ఏమప్పా, నీ చేతిలో గ్లాసే నిలబడ్లేదే, మా పిల్ల పటం యాడ నిలబడ్తాది?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మామ పెళ్లిళ్లు ఒప్పుకోలేదు. పాస్‌పోర్టు ఫొటోలు మాత్రం స్టాండు మీద కెమెరా పెట్టి తీసేవాడు. గిరాకీల ముందు కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. ఫొటోలు తీయడం తప్ప ఆయనకు ఇంకో బతుకు తెలియదు. ఆ ఒక్కటీ జారిపోతుందేమోనని ఆయన భయం.

స్టూడియో మూసేస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన ఆదివారాలు బీళ్లలోకి పిట్టల కోసం వెళ్లడం మొదలుపెట్టాడు. పెళ్లికూతురైతే పీటల మీద కూర్చుంటుంది, పిట్ట కూర్చుంటుందా అని నేను ఎగతాళి చేశాను. "కూర్చున్నోళ్లని తీసీ తీసీ ముప్పయ్యేండ్లాయ. ఇంగ ఎగిరేటోళ్లని తీస్తా" అన్నాడు. నేనూ వెంట పోయాను. నాలుగో వారానికి నాకూ ఆ పిచ్చి పట్టింది.

డాక్టరు ఇచ్చిన మందుతో వణుకు కొంత తగ్గింది గానీ పోలేదు. ఇక ట్రైపాడే దిక్కు. మూడు కాళ్లు ఎవరివైనా మూడు కాళ్లే. అసలు కథంతా వాటి మీద కెమెరాను పట్టుకునే హెడ్‌లో ఉంటుంది. ఆయన దగ్గర మొదట ఉన్నది గుండు రకం. గిన్నెలో గుండులా అన్ని వైపులా తిరుగుతుంది, మర బిగిస్తే ఆగుతుంది. కొండల్ని తీయడానికి దానికంటే హాయి లేదు. కానీ పిట్ట వెంట తిప్పాలని మర వదిలితే మామ వణుకంతా కెమెరాలోకి దిగేది.

దానికి తోడు నా తెలివొకటి. గుండు గరగరమంటోందని, మా నాయన మగ్గం మీద చీర డిజైను తీసే జకార్డు పెట్టెకు వేసే నూనె తెచ్చి, మామను అడగకుండా పట్టించాను. మా ఇంట్లో ఏది గరగరమన్నా అదే మందు, తలుపుకైనా సైకిల్‌కైనా. ఆ ఆదివారం బీడులో గాలికి లేచిన దుమ్మంతా నూనెకు అంటుకుంది. ఎంత బిగించినా గుండు జారింది. కెమెరా ముందుకు వాలి, ట్రైపాడ్ బోర్లాపడి, లెన్సు రాతికి కొట్టుకుంది. దాని ముందు కాపుగా బిగించిన అద్దం పగిలింది, లెన్సు మాత్రం బతికింది. మామ గుండును వేలితో తడిమి, వాసన చూసి, "మగ్గం నూనె" అన్నాడు. గుండును గుడ్డతో తుడుస్తూ, "మగ్గానికి జారేది పని పాపా. దీనికి జారకపోవడమే పని" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కొత్త హెడ్ కోసం ఇద్దరం బెంగళూరు పోయాం. మామ తన కెమెరా, లెన్సు కలిసి ఎంత తూగుతాయో అంత తూగే నల్లరాయి ఒకటి చెక్కించి, కెమెరా అడుగున ఉన్నట్టే దానికీ ఒక నట్టు దిగ్గొట్టించి సంచిలో తెచ్చాడు. దుకాణం అతను నవ్వాడు. "ఇంగా కొనని హెడ్డును నమ్మి కెమెరా పెడ్తారేమప్పా?" అన్నాడు మామ. అతను గింబల్ అనే రకం చూపించి, పిట్టలకు అందరూ ఇదే కొంటారన్నాడు. రాయి అందులో ఉయ్యాల్లో బిడ్డలా ఊగింది, ఒక్క వేలితో ఎటు తోస్తే అటు తిరిగింది. ఇదే తీసుకుందామని నేనూ అన్నాను. మామ దాని మీద చెయ్యి పెట్టాడు. చేతితో పాటు రాయీ వణికింది.

"మంచిదే. మంచి చేతికి మంచిది" అని పక్కన పెట్టేశాడు.

మూలన వీడియో కెమెరాల హెడ్ ఒకటుంది. లోపల చిక్కటి నూనె ఉంటుందట, ఎంత తోసినా నెమ్మదిగానే కదులుతుంది. అది ఫొటోలకు కాదు సార్ అంటున్నా వినకుండా మామ రాయిని దానికి ఎక్కించాడు. పక్కనున్న మర కొంచెం కొంచెం బిగిస్తూ పోయాడు. ఒక బిగువు దగ్గర చెయ్యి వణుకుతూనే ఉంది, రాయి వణకడం మానేసింది. రాయిని వంచి బిగించి, నన్ను టీకి తీసుకుపోయి, తిరిగొచ్చి చూశాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. "నువ్వు నూనె బయట పోసినావు పాపా, వీళ్లు లోపల పోసినారు" అని పడీపడీ నవ్వాడు. బస్సులో మళ్లీ అన్నాడు, "హెడ్డు లెన్సును చూసి కాదు, చేతిని చూసి కొనాల." ఈ ముక్క నేను ఎక్కడా చదవలేదు. ఈనాటికీ ఎవరడిగినా మొదట అదే చెబుతాను.

ఆ చలికాలం ఆయన మా బీళ్ల మీద తేలుతూ పోయే గద్దను తీశాడు. రెక్కలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. పచ్చటి కన్ను మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఆ పటాన్ని పెద్దది చేసి స్టూడియో గోడకు తగిలించాం. కొన్నాళ్లకు ఆ నల్లమాడ పెద్దాయనే పాస్‌పోర్టు ఫొటోకు వచ్చాడు. గోడ ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఎవురు తీసినారప్పా?" అని అడిగాడు.

మామ జేబులోంచి కుడిచెయ్యి తీసి కౌంటర్ అద్దం మీద పెట్టాడు. వేళ్లు అద్దాన్ని టకటక కొడుతున్నాయి. "ఇది తీసింది" అన్నాడు. పెద్దాయన పటాన్నీ చేతినీ మార్చి మార్చి చూసి, పోయి స్టూలు మీద కూర్చుని, చొక్కా గుండీలు సర్దుకున్నాడు. నాకు వీధిలోకి పోయి బస్టాండంతా వినబడేలా చెప్పాలనిపించింది. ఆ రోజు నుంచి ఆ చెయ్యి మళ్లీ జేబులోకి పోలేదు. మా మామ గొప్ప ఇదే అని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మామ పోయిన రోజు మగవాళ్లంతా ఖబరస్తాన్‌కు వెళ్లాక నేను అత్త పక్కన కూర్చున్నాను. వారం తర్వాత అత్త ఆ హెడ్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఈడ దుమ్ము పట్టిపోతాది, నువ్వు తీస్కపో" అంది. మొన్న దాన్ని నా ట్రైపాడ్‌కు బిగించి చెరువు దగ్గర నిలబెట్టాను. బాతులు లేచాయి. కెమెరా తిప్పబోతే నా చేతికి రాలేదు. మర మామ బిగించిన చోటే ఉంది. నా చెయ్యి వణకదు, నాకు అంత బిగువు అక్కర్లేదు. వేళ్లు మర మీదికి పోయి ఆగాయి. రెండు చేతులా తోశాను. అది తన నిదానాన తిరిగేసరికి బాతులు కొండ దాటిపోయాయి. మర వదులు చేయలేదు.